వైఫైని అనుమానించే ముందు సీబీపీ చేయించండి

ఆఫీసులో సీట్లో కూర్చున్న గంటకే తల బరువెక్కుతుంది. మధ్యాహ్నానికి కళ్లు మండుతాయి, వేళ్లు తిమ్మిరెక్కుతాయి, చిన్న పని మీద కూడా మనసు నిలవదు. రాత్రి నిద్ర సరిగా పట్టదు. తలెత్తి చూస్తే సీలింగ్‌కి వైఫై యాక్సెస్ పాయింట్, కిటికీలోంచి చూస్తే ఎదురు బిల్డింగ్ మీద సెల్ టవర్. కారణం దొరికిందనిపిస్తుంది. ఫోన్లో వెతికితే అచ్చంగా మీ లక్షణాలే చెప్పేవాళ్లు కనిపిస్తారు. ఇంకాస్త వెతికితే మందు కూడా దొరుకుతుంది. మెగ్నీషియం, జింక్, సెలీనియం, 'రేడియేషన్‌ను తట్టుకునే డైట్', ఫోన్ వెనక అంటించుకునే స్టిక్కర్.

చాలామంది ఇక్కడి నుంచి తప్పు వరసలో నడుస్తారు. ముందు సప్లిమెంట్లు కొంటారు. తర్వాత మేనేజర్‌కి ఘాటుగా మెయిల్ పెడతారు. అన్నీ అయ్యాక, ఏడాదికో ఏడాదిన్నరకో డాక్టర్ దగ్గరికి వెళతారు. ఈ వరసను తిరగేయాలన్నదే నేను చెప్పదలచుకున్నది. టార్గెట్లు, అప్రైజల్ మధ్య మీకు టైమ్ లేదని తెలుసు. టైమ్ లేనివాళ్లకే ఈ వరస ముఖ్యం.

ముందు శాస్త్రం ఎక్కడుందో చూద్దాం. 1980లలో స్వీడన్, నార్వేల్లో కంప్యూటర్ తెరల ముందు పనిచేసే ఉద్యోగులు ముఖం మంట, దురద అని చెప్పడంతో ఈ చర్చ పెరిగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005 డిసెంబరులో ఈ 'విద్యుదయస్కాంత సున్నితత్వం' మీద ఒక వివరణ పత్రం ఇచ్చింది. అందులో రెండు సంగతులున్నాయి. బాధితుల లక్షణాలు నిజం, కొందరిని అవి పని చేసుకోలేనంతగా కుంగదీస్తాయి. అయితే ఆ లక్షణాలకు విద్యుదయస్కాంత క్షేత్రాలే కారణమనడానికి శాస్త్రీయ ఆధారం లేదు. మొదటి మాట వదిలేసి రెండోది మాత్రమే చెప్పేవాళ్లు మీ బాధను కొట్టిపారేస్తారు. రెండోది వదిలేసి మొదటిదే చెప్పేవాళ్లు మీకు ఏదో ఒకటి అమ్ముతారు.

ఆధారం లేదని ఎలా తేల్చారంటే, కళ్లకు గంతలు కట్టినట్టు పరీక్షించి. సిగ్నల్ ఆన్‌లో ఉందో లేదో అక్కడున్న మనిషికీ తెలియదు, పరీక్ష చేసేవాళ్లకూ తెలియదు. లండన్ కింగ్స్ కాలేజీ పరిశోధకులు 2006లో ప్రచురించిన అధ్యయనంలో, మొబైల్ సిగ్నల్ పడదనేవాళ్లు 60 మందినీ, అలాంటి ఇబ్బంది లేనివాళ్లు 60 మందినీ ఇలా కూర్చోబెట్టారు. మొదటి గుంపుకి తలనొప్పి నిజంగానే వచ్చింది. కాకపోతే ఉత్తుత్తి సిగ్నల్‌కీ వచ్చింది. సిగ్నల్ ఎప్పుడు ఆన్ అయిందో వాళ్లు పట్టుకోలేకపోయారు. 2010 నాటికి ఇలాంటి 46 ప్రయోగాలను, మొత్తం 1,175 మందిని కలిపి చూసినా బొమ్మ మారలేదు. 2013లో ఇంకో సంగతి బయటపడింది. వైఫై ప్రమాదకరమని చెప్పే టీవీ కార్యక్రమం కొందరికి చూపించి, ఆ తర్వాత వైఫై పెట్టామని చెప్పి ఏమీ పెట్టకుండా కూర్చోబెట్టారు. పాల్గొన్నవాళ్లలో సగానికి పైగా ఏదో ఒక లక్షణం చెప్పారు. ఆందోళన ఎక్కువగా ఉండే స్వభావం గలవాళ్ల మీద ఆ కార్యక్రమం మరీ ఎక్కువ పనిచేసింది. వీళ్లెవరూ నటించలేదు. భయం ఒంట్లో చేసే పని కూడా ఒంట్లో జరిగేదే.

2011లో రేడియో తరంగాలను 'క్యాన్సర్ కారకం కావచ్చు' అనే 2బి వర్గంలో పెట్టారు కదా అని ఎవరైనా అడుగుతారు. పెట్టారు. అది వేరే ప్రశ్న, దానికీ మీ మధ్యాహ్నపు తలనొప్పికీ సంబంధం లేదు.

సరే, వైఫై కాకపోతే మరేమిటి? ఇక్కడే తిండి, ఖనిజాలు నిజంగా లెక్కలోకి వస్తాయి. అమ్మేవాళ్లు చెప్పే దారిలో కాదు, వేరే దారిలో. నీరసం, తలనొప్పి, గుండె దడ, ఏకాగ్రత లేకపోవడం, కాళ్లు కుదురుగా ఉండకపోవడం, తిమ్మిర్లు అన్న ఈ జాబితా ఐరన్ లోపానికీ, బీ12 లోపానికీ, థైరాయిడ్ సమస్యకీ చాలావరకు సరిపోతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇంత మామూలుగా ఉన్న కారణాన్ని పక్కన పెట్టి ఎదురింటి టవర్‌ను పట్టుకోవడం లెక్క ప్రకారమే తప్పు.

కాబట్టి మొదటి ఖర్చు రక్త పరీక్షల మీద పెట్టండి. సీబీపీ (రక్తకణాల పరీక్ష), ఫెర్రిటిన్, బీ12, విటమిన్ డి, టీఎస్‌హెచ్, షుగర్, క్రియాటినిన్, దాంతోపాటు ఒకసారి బీపీ. జనరల్ ఫిజీషియన్ చెబితేనే చేయించండి, రిపోర్టు తీసుకుని మళ్లీ ఆయన దగ్గరికే వెళ్లండి. రిపోర్టు ఫోన్లో చూసుకుని ఎర్ర అక్షరాల్లో ఉన్న ప్రతిదానికీ ఒక మాత్ర ఆర్డర్ చేయడం చికిత్స కాదు. జీతం పరిమితిలో ఉండి ఈఎస్ఐ కార్డున్నవాళ్లు దాన్ని వాడండి. కార్పొరేట్ మెడికల్ చెకప్ ఉన్నవాళ్లు అందులో ఫెర్రిటిన్, బీ12 ఉన్నాయో లేదో చూసుకోండి. చాలా ప్యాకేజీల్లో కొలెస్ట్రాల్ ఉంటుంది, ఇవి ఉండవు.

కేసులుగా చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఇవి ఫలానా మనుషుల కథలు కావు, పని చోట్ల తరచూ ఎదురయ్యే నమూనాలు.

మాదాపూర్‌లో నైట్ షిఫ్ట్ చేసే 29 ఏళ్ల టెస్ట్ ఇంజనీర్ అనుకుందాం. రూటర్ పక్కకి సీటు మారినప్పటి నుంచి నీరసం, పడుకుంటే కాళ్లు లాగడం. హిమోగ్లోబిన్ 12.2, నార్మల్ అన్నారు. అక్కడితో ఆగిపోతే రూటర్‌దే తప్పని తేలిపోయేది. ఫెర్రిటిన్ చూస్తే 8. అంటే రక్తం ఇంకా నిలబడి ఉంది, ఒంట్లో దాచుకున్న ఐరన్ అయిపోయింది. సీటు మారిన నెలలోనే షిఫ్టు కూడా మారిందనీ, ఆ షిఫ్టులో భోజనం బదులు టీ, బిస్కెట్ల మీద నడుస్తోందనీ అప్పుడు గుర్తొస్తుంది. ఐరన్ ఎందుకు తగ్గిందో కూడా తేల్చాలి. నెలసరి ఎక్కువగా అవుతోందా, కడుపులో పురుగులా, ఇంకేమైనానా అన్నది డాక్టర్ చూడాలి. మగవాళ్లలో ఐరన్ తగ్గితే ఇది మరీ ముఖ్యం, లోపల ఎక్కడో రక్తం పోతూ ఉండవచ్చు.

రెండోది, 46 ఏళ్ల బ్యాంకు ఆఫీసర్. శాకాహారి. షుగర్‌కి మెట్‌ఫార్మిన్, గ్యాస్‌కి రోజూ పాంటప్రజోల్, రెండూ ఏళ్లుగా. ఫోన్ పట్టుకుంటే అరచేయి తిమ్మిరి, రాత్రి అరికాళ్లు మంట. ఫోన్ రేడియేషన్ అనుకుని హెడ్‌సెట్‌కి మారినా తగ్గలేదు. ఆ రెండు మందులూ దీర్ఘకాలంలో బీ12ని తగ్గిస్తాయి, బీ12 దొరికేదే పాలు, గుడ్లు, మాంసం, చేపల్లో. షుగర్ కూడా నరాలను దెబ్బతీస్తుంది. ఫోన్ పట్టుకునే చేతిలోనే తిమ్మిరి వస్తే మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోవడం కూడా కావచ్చు. ఇక్కడ రెండు జాగ్రత్తలు. మెట్‌ఫార్మిన్ మీ అంతట మీరు ఆపకండి. 'నరాల బలానికి' అని షాపులో ఇచ్చే మాత్రలు నెలల తరబడి మింగకండి. వాటిలో బీ6 మోతాదు ఎక్కువగా ఉంటే అదే తిమ్మిర్లు తెస్తుంది. తగ్గడానికని వేసుకున్న మాత్ర తెచ్చిన తిమ్మిరిని కూడా వైఫై ఖాతాలో రాసుకున్నవాళ్లుంటారు.

మూడోది కాస్త తమాషాగా ఉంటుంది. ఒకాయనకి ఆఫీసులో బాగానే ఉంటుంది, ఆదివారం ఇంట్లో తలనొప్పి. ఇంటి పక్కన టవర్ ఉంది కాబట్టి దాని పని అనుకున్నాడు. ఆఫీసులో రోజుకి అయిదు కాఫీలు, ఆదివారం ఒకటి. కెఫీన్ ఆపిన లేదా బాగా తగ్గించిన 12 నుంచి 24 గంటల్లో మొదలయ్యే తలనొప్పి ఇది. జాతీయ పోషకాహార సంస్థ మార్గదర్శకాల్లో రోజుకి కెఫీన్ పరిమితి 300 మిల్లీగ్రాములు. 150 మిల్లీలీటర్ల ఫిల్టర్ కాఫీ కప్పులో 80 నుంచి 120 దాకా, టీలో 30 నుంచి 65 దాకా ఉంటుంది. మిషన్ కాఫీ ఉచితం కదా అని తాగేవాళ్లు ఒక్కరోజు లెక్క రాసుకుంటే చాలు. తగ్గించేటప్పుడు ఒక్కసారిగా కాదు, రెండు వారాల్లో కొంచెం కొంచెంగా.

ఇప్పుడు అమ్మకాల సంగతి. మెగ్నీషియం 'విద్యుదయస్కాంత కవచం' ఎలా అయింది? అమెరికాలో మార్టిన్ పాల్ అనే జీవరసాయన శాస్త్రవేత్త 2013లో ఒక ఊహ ప్రతిపాదించాడు. ఈ క్షేత్రాలు కణాల్లోని కాల్షియం ద్వారాలను తెరుస్తాయని. మెగ్నీషియం ఆ ద్వారాలను కొంత అడ్డుకుంటుంది కాబట్టి మాత్ర వేసుకుంటే రక్షణ అని తర్వాత కొందరు కలిపేశారు. మనుషుల మీద ఎవరూ అది నిరూపించలేదు. మైగ్రేన్ తరచూ వచ్చే కొందరికి డాక్టర్లు మెగ్నీషియం రాస్తారు, అది మైగ్రేన్‌కి రాసేది.

మాత్ర వేసుకుంటే పోయేదేముంది అనుకుంటారు. పోయేది ఉంది. మెగ్నీషియం ఎక్కువైతే విరేచనాలు, కిడ్నీలు బలహీనంగా ఉంటే అది ఒంట్లో పేరుకుని ప్రమాదం. మెగ్నీషియం, కాల్షియం, ఐరన్ మూడూ థైరాయిడ్ మాత్రను పేగుల్లో పట్టేస్తాయి, కాబట్టి కనీసం నాలుగు గంటల తేడా ఉండాలి. పొద్దున్నే థైరాయిడ్ మాత్ర, దాంతోపాటే మల్టీవిటమిన్ వేసుకుని, టీఎస్‌హెచ్ ఎందుకు తగ్గడం లేదని తలపట్టుకునేవాళ్లు ఎంతోమంది. జింక్ నెలల తరబడి ఎక్కువ మోతాదులో వేసుకుంటే రాగి లోపం వస్తుంది, దాంతో మళ్లీ రక్తహీనత. సెలీనియం ఎక్కువైతే జుట్టు రాలుతుంది, గోళ్లు విరుగుతాయి. విటమిన్ డి 60,000 యూనిట్ల సాషే వారానికొకటి అని రాస్తే రోజుకొకటి వేసుకుని, రక్తంలో కాల్షియం పెరిగిపోయి ఆసుపత్రిలో చేరినవాళ్లున్నారు. బీపీకి టెల్మిసార్టన్ లాంటివి వాడేవాళ్లు పొటాషియం ఉండే 'లో సోడియం' ఉప్పును డాక్టర్‌ను అడగకుండా మొదలుపెట్టకూడదు. జుట్టుకోసం బయోటిన్ వాడుతుంటే ల్యాబ్‌లో చెప్పండి, థైరాయిడ్ రిపోర్టును అది తారుమారు చేస్తుంది.

చేతిలో రాడ్ పట్టుకోమని ఒక నిమిషంలో నలభై ఖనిజాల రిపోర్టు ప్రింట్ తీసే మిషన్ మీ ఆఫీసు హెల్త్ క్యాంపుకి వస్తే టీ తాగడానికి వెళ్లిపోండి. ఒంట్లో మెగ్నీషియంలో రక్తంలో ఉండేది దాదాపు ఒక్క శాతమే. రక్త పరీక్షకే పూర్తిగా అందని సంగతి రాడ్‌కి అందుతుందా?

స్టిక్కర్లు, లాకెట్ల సంగతి ఇంకా అన్యాయం. నెదర్లాండ్స్ అణు భద్రతా సంస్థ 2021 డిసెంబరులో కొన్ని 'యాంటీ 5జీ' వస్తువులను పరీక్షించి, అవే రేడియోధార్మిక పదార్థంతో ఉన్నాయని వాడకం ఆపమంది. మన దగ్గర 2020లో ఆవు పేడ చిప్ రేడియేషన్ తగ్గిస్తుందని ప్రభుత్వ సంస్థ అధ్యక్షుడే ప్రకటిస్తే, వందల మంది శాస్త్రవేత్తలు రుజువు చూపమని అడిగారు. నిజంగా సిగ్నల్‌ను అడ్డుకునే కవర్ అయితే టవర్‌ను అందుకోవడానికి ఫోన్ ఇంకా ఎక్కువ పవర్ వాడుతుంది. డబ్బిచ్చి ఎక్స్‌పోజర్ పెంచుకోవడమే అది.

తిండి మార్చుకోవడంలో మాత్రం నష్టం లేదు, కవచం కోసమని కాకపోయినా. సమస్య ఎక్కడుందంటే మన పళ్లెంలో సింహభాగం పాలిష్ బియ్యం. వంద గ్రాముల పాలిష్ బియ్యంలో మెగ్నీషియం 20 మిల్లీగ్రాముల లోపు, దంపుడు బియ్యంలో 90 పైన, రాగుల్లో 140 పైన. రోజువారీ అవసరం మగవాళ్లకి 440, ఆడవాళ్లకి 370. క్యాంటీన్ రైస్ రెండు పూటలా తినేవాళ్లకి ఆ లెక్క అందదు. రాగుల్లో కాల్షియం కూడా వందకి 360 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. వారంలో నాలుగు రోజులు పొద్దున రాగి జావో సంకటో, ఒక పూట సజ్జ రొట్టె, పప్పులో తోటకూర లేదా మునగాకు, సాయంత్రం సమోసా బదులు గుప్పెడు వేయించిన పల్లీలో శనగలో, అన్నంలోకి నువ్వుల పొడి. డ్రాయర్లో పెట్టుకోగలిగినవే చెబుతున్నాను. హాస్టల్లో ఉండేవాళ్లకి జావ కుదరకపోయినా ఉడికించిన గుడ్లు, పల్లీలు, పెరుగు దొరుకుతాయి. మాంసం తినేవాళ్లు వారానికోసారి కార్జం తింటే ఐరన్, బీ12 రెండూ వస్తాయి. గర్భిణులు మాత్రం దాన్ని డాక్టర్‌ను అడిగే తినాలి, అందులో విటమిన్ ఎ మరీ ఎక్కువ.

తిన్నది ఒంటికి పట్టడం ఇంకో సగం పని. ఆకుకూరల్లోని ఐరన్ కష్టంగా అందుతుంది, పప్పు మీద నిమ్మకాయ పిండితే మెరుగవుతుంది. భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీ వద్దు. లంచ్ అవగానే టీ పాయింట్‌కి వెళ్లే అలవాటున్న టీమ్‌లో ఇది కష్టమే. వెళ్లండి, మజ్జిగ తాగండి. బీ12 బాగా పడిపోయి ఉంటే పెరుగుతో పూడదు, ఇంజెక్షనో మాత్రో కావాలి. ఐరన్ కూడా అంతే, ఫెర్రిటిన్ 8 ఉన్నవాళ్లు ఖర్జూరాలు తింటూ కూర్చుంటే ఏడాది పోతుంది.

పరీక్షలన్నీ బాగానే ఉన్నాయి, తిండి సరిచేశాక కూడా బాధ ఉంది, వైఫై అనుమానం పోలేదు. అప్పుడు ఇంట్లోనే పరీక్షించుకోండి. ఇంట్లో ఒకరిని ప్రతి రాత్రి నాణెం ఎగరేసి రూటర్ ఆన్‌లో ఉంచాలో ఆపాలో తేల్చమనండి. రూటర్ ఆ గదిలో మీకు కనబడకూడదు, లైట్లకి టేపు వేయాలి, మీ ఫోన్ ఆ రాత్రి వేరే గదిలో ఏరోప్లేన్ మోడ్‌లో ఉండాలి. పొద్దున లేవగానే నిద్ర, తలనొప్పి మార్కులేసుకుని, రాత్రి ఆన్‌లో ఉందనుకుంటున్నారో లేదో రాయండి. మూడు నాలుగు వారాల తర్వాత వాళ్ల కాగితం, మీ కాగితం పక్కపక్కన పెట్టండి. ఊహ సగం సార్లే సరైతే అది నాణెం పనే. ఈ ప్రయోగం ఆఫీసు రూటర్ మీద చేయకండి. దాన్ని ఆపడం, దానికి ఫాయిల్ చుట్టడం ఐటీ సెక్యూరిటీ ఉల్లంఘన కిందికి వస్తుంది, అక్కడ ఆరోగ్య కారణం పనిచేయదు.

ఆఫీసులో అడగాల్సింది వేరు, అడగాల్సిన తీరు కూడా వేరు. 'ఫ్లోర్‌లో రేడియేషన్ వల్ల నా ఆరోగ్యం పాడైంది' అని మెయిల్ పెడితే అది మేనేజర్ నుంచి హెచ్‌ఆర్‌కి, అక్కడి నుంచి ఫెసిలిటీస్‌కి, లీగల్‌కి వెళుతుంది. వాళ్లు కొలిపిస్తారు. పరిమితికి చాలా తక్కువ అని రిపోర్టు వస్తుంది, టికెట్ క్లోజ్ అవుతుంది. తర్వాత మీరు ఏసీ గురించి చెప్పినా 'ఆ రేడియేషన్ మనిషేనా' అంటారు. దానికన్నా ఇలా రాయండి. 'నాకు తరచూ తలనొప్పి వస్తోంది, డాక్టర్‌ను చూస్తున్నాను. ఏసీ గాలి నేరుగా తగలని, లైటు మినుకుమినుకుమనని సీటు నాలుగు వారాలు ట్రయల్‌గా ఇవ్వగలరా? లాన్ కేబుల్ కూడా ఉంటే మంచిది.' సీటు మార్చడానికి పెద్ద అనుమతులేవీ అక్కర్లేదు, కారణం మీద వాదన ఉండదు. లైట్లు, పొడి గాలి, గాలాడని మీటింగ్ రూమ్, స్క్రీన్ ఎత్తు, ఎనిమిది గంటలు కదలని మెడ. తలనొప్పికి వీటికున్న సంబంధం డాక్టర్లకు ఎప్పటి నుంచో తెలుసు, పైగా వీటిని మార్చవచ్చు. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో విద్యుదయస్కాంత సున్నితత్వం లేదు కాబట్టి, ఆ పేరుతో హక్కుగా అడగడం కుదరదు. మైగ్రేన్, రక్తహీనత, నరాల జబ్బు అని డాక్టర్ రాసిన కాగితం మాత్రం సెలవుకీ, షిఫ్టు మార్పుకీ పనికొస్తుంది.

టవర్ సంగతి అడగాలంటే దానికో దారి ఉంది. 2012 సెప్టెంబరు 1 నుంచి మన దేశం టవర్ల పరిమితిని అంతర్జాతీయ పరిమితిలో పదో వంతుకి తగ్గించింది. 2017లో టెలికాం శాఖ తెచ్చిన తరంగ్ సంచార్ పోర్టల్లో మీ దగ్గరి టవర్ వివరాలు చూడవచ్చు, రుసుము కట్టి కొలిపించమని అడగవచ్చు. నచ్చని ఫలితం వచ్చినా కాగితం మీద ఉంటుంది.

ఇదంతా ఆఫీసు ఉద్యోగుల మాట. టవర్ ఎక్కి యాంటెన్నా ముందు పనిచేసే టెక్నీషియన్, ప్లాస్టిక్‌ను రేడియో ఫ్రీక్వెన్సీతో అతికించే మిషన్ మీద పనిచేసే ఆపరేటర్, ఇండక్షన్ ఫర్నేస్ పక్కన నిలబడే మనిషి వేరు. వాళ్లకి పరిమితి దాటే ఎక్స్‌పోజర్ నిజంగా జరగవచ్చు, ఒళ్లు వేడెక్కడం, కాలడం దాకా. అక్కడ రాగి జావ పనికిరాదు. ఎక్కేముందు సెక్టార్ పవర్ ఆపారని సూపర్‌వైజర్ చేత రాయించుకోవడం, పవర్ మళ్లీ ఆన్ కాకుండా లాకౌట్, ఒంటికి పెట్టుకునే మానిటర్ కావాలి. 'పది నిమిషాల పనే కదా, ఆన్‌లోనే కానిచ్చేయ్' అనే కాంట్రాక్టర్ మాట వినకండి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఫోన్‌ను దానికి కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలి, ఫర్నేస్, వెల్డింగ్ దగ్గరికి వెళ్లే ముందు కార్డియాలజిస్టును అడగాలి.

ఛాతీ నొప్పి, స్పృహ తప్పడం, ఒక పక్క బలం పోవడం, ఎన్నడూ ఎరగనంత తలనొప్పి ఒక్కసారిగా రావడం. వీటికి ఈ వరసేదీ వర్తించదు, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

చివరికి కొందరు సిగ్నల్ లేని ఊరికి వెళ్లిపోదామనుకుంటారు. అమెరికాలో రేడియో టెలిస్కోప్ కోసం సిగ్నళ్లను కట్టడి చేసిన గ్రీన్ బ్యాంక్‌కి అలా చేరినవాళ్లున్నారు. మీరు ఉద్యోగం మానాలనుకుంటే మానండి, కానీ రాజీనామా ముందు ఒక పని చేయండి. మిగిలిన సెలవుల్లో మూడు వారాలు సిగ్నల్ లేని ఊళ్లో ఉండి, మామూలుగా తిని, నిద్రపోయి చూడండి. బాధ తగ్గితే సిగ్నల్ లేక తగ్గిందా, టార్గెట్ లేక తగ్గిందా అని ఆలోచించండి. రెండోదైతే పరిష్కారం వేరే టీమ్‌లోనో వేరే కంపెనీలోనో దొరకవచ్చు. ఇక గ్రూప్ ఇన్సూరెన్స్ మామూలుగా ఆఖరి పనిదినంతోనే ఆగిపోతుంది. పరీక్షలు ఇంకా నడుస్తున్న మనిషికి కొత్త పాలసీ తేలిగ్గా రాదు. ఉన్న పాలసీని వ్యక్తిగత పాలసీగా మార్చుకునే వీలుందో లేదో నోటీసు ఇవ్వకముందే హెచ్‌ఆర్‌ను కాకుండా ఇన్సూరెన్స్ కంపెనీనే అడిగి, జవాబు మెయిల్లో తీసుకోండి.